మెడ ఫ్యూజన్ ఆపరేషన్ తర్వాత తలను ఎలా కదపాలి?

మెడ వెన్నుపూసలకు ఫ్యూజన్ శస్త్రచికిత్స (పూసలను కలిపి ఒక్క ఎముకగా అతికించే ఆపరేషన్) జరిగి ఇంటికి వచ్చినవారిలో చాలామంది తొలి వారాల్లో రెండు భయాల మధ్య నలుగుతుంటారు. తల తిప్పితే లోపల బిగించిన స్క్రూలు ఊడిపోతాయేమోనన్నది ఒక భయం. తిప్పకుండా ఉంటే మెడ శాశ్వతంగా కొయ్యబారిపోతుందేమోనన్నది రెండో భయం. మెడలో ఏ కదలిక ఏ కీలు దగ్గర పుడుతుందో తెలిస్తే ఈ రెండూ చాలావరకు తగ్గుతాయి. కలిపేసిన పూసల మధ్య కదలిక ఇక రాదు, రాకూడదు కూడా. ఆపరేషన్ ఉద్దేశమే అది. మిగిలిన కీళ్లలో ఉన్న కదలికను కాపాడుకోవడం, అది చాలని చోట వెన్ను పైభాగం చేత, నడుము చేత, కళ్ల చేత ఆ పని చేయించుకోవడం మీరు నేర్చుకోవలసిన విద్య.

ఇక్కడ చెప్పేవన్నీ సాధారణ సూచనలు. మీ సర్జన్ మీకు ప్రత్యేకంగా చెప్పినదానికీ దీనికీ తేడా కనిపిస్తే సర్జన్ మాటే పాటించాలి. ఎందుకంటే ఎన్ని పూసలను కలిపారు, మెడ ముందు నుంచి కోశారా వెనుక నుంచి కోశారా, మీ ఎముక ఎంత గట్టిగా ఉంది అన్న సంగతులు ప్రత్యక్షంగా చూసినవారికే తెలుస్తాయి. డిశ్చార్జి పత్రంలో ఏ స్థాయిలో, అంటే ఏ రెండు పూసల మధ్య, ఫ్యూజన్ జరిగిందో రాసి ఉంటుంది. అది అర్థం కాకపోతే మొదటి పరీక్షకు వెళ్లినప్పుడే అడిగి, ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. రాబోయే ప్రతి నిర్ణయానికీ ఆ ఒక్క ముక్క ఆధారం.

కదలిక ఎక్కడ పోతుంది, ఎక్కడ మిగులుతుంది

మెడలో ఏడు పూసలు ఉంటాయి; వైద్యులు వాటిని పైనుంచి కిందికి సి1 నుంచి సి7 వరకు లెక్కిస్తారు. కదలికలో వీటన్నిటికీ సమాన వాటా లేదు. తలను కుడి ఎడమలకు తిప్పడంలో సుమారు సగం ఒక్క సి1, సి2 పూసల మధ్యనే జరుగుతుంది. అవునన్నట్టు తల ఊపే కదలికలో పెద్ద భాగం పుర్రె అడుగుకూ సి1కూ మధ్య జరుగుతుంది. మిగిలినదాన్ని కింది పూసలన్నీ కొంచెం కొంచెంగా పంచుకుంటాయి. పూసల మధ్య మెత్తలా ఉండే డిస్కు అరిగిపోయి నరాన్నో వెన్నుపామునో నొక్కడం ఎక్కువగా సి5–సి6, సి6–సి7 స్థాయిల్లో జరుగుతుంది కాబట్టి, ఫ్యూజన్లు కూడా ఎక్కువగా అక్కడే జరుగుతాయి. తల తిప్పడానికి ప్రధానమైన పై కీళ్లు అలాంటి ఆపరేషన్‌లో చెక్కుచెదరవు.

అందుకే ఒక్క స్థాయిలో ఫ్యూజన్ జరిగినవారిలో చాలామందికి రోజువారీ పనుల్లో తేడా పెద్దగా తెలియదు. ఆపరేషన్‌కు ముందు నొప్పి వల్లా కండరాలు బిగదీసుకుపోవడం వల్లా సరిగా తిరగని మెడ, నొప్పి పోయాక మునుపటికన్నా బాగా తిరుగుతున్నదని కొందరు చెబుతారు. రెండు స్థాయిలైతే పైకి చూసేటప్పుడూ తలను పక్కకు వంచేటప్పుడూ చివర్లో కొంత బిగుతు తగులుతుంది. మూడు, నాలుగు స్థాయిలు కలిపితే తగ్గుదల స్పష్టంగానే ఉంటుంది. సర్దుబాట్లు నేర్చుకోక తప్పదు. సి1, సి2 పూసలనే కలిపిన అరుదైన సందర్భంలో తల తిప్పగలిగే శక్తి దాదాపు సగం పోతుంది. పుర్రెను కూడా మెడతో కలిపి బిగించినవారికి తల ఊపే కదలిక బాగా తగ్గిపోతుంది. ఇలాంటివారు ఒక్క స్థాయి ఫ్యూజన్ జరిగిన పరిచయస్తుడితో తమను పోల్చుకుని కుంగిపోవడం చూస్తుంటాం. పేరు ఒకటే అయినా ఆ రెండు ఆపరేషన్లూ ఒకటి కావు.

ఎముక అతుక్కునే వరకు

స్లాబు పోశాక అది గట్టిపడే వరకు కింద సెంట్రింగ్ బరువు మోస్తుంది. మెడలో బిగించిన ప్లేటు, స్క్రూలు చేసే పని కూడా అదే. శాశ్వతంగా బరువు మోయవలసింది లోహం కాదు, పూసల మధ్య ఉంచిన గ్రాఫ్టు (ఎముక అతకడానికి పెట్టే ముక్క) గుండా, దాని చుట్టూ పెరిగే కొత్త ఎముక. అది గట్టిపడడానికి కొన్ని నెలలు పడుతుంది. మూడు నెలలకు ఎక్స్‌రేలో కొంత పురోగతి కనిపించినా, పూర్తిగా అతుక్కోవడానికి ఏడాది వరకు పట్టడం మామూలే. ఈలోగా ఎముక అతకకపోతే లోహం మీద ఒత్తిడి పెరుగుతూ పోయి స్క్రూలు వదులు కావచ్చు. కాబట్టి మామూలుగా తల తిప్పితే స్క్రూలు ఊడిపోతాయన్న భయం అక్కరలేదు గాని, ఎముక అతకడానికి అడ్డుపడే అలవాట్ల గురించి మాత్రం భయపడాలి. వాటిలో మొదటిది పొగతాగడం. నికోటిన్ రక్తనాళాలను కుదించి ఎముక పెరుగుదలను అడ్డుకుంటుంది. సిగరెట్ మానేసి నికోటిన్ ఉన్న ప్యాచ్‌కో గమ్‌కో మారేముందు సర్జన్‌ను అడగాలి. మధుమేహం అదుపులో ఉంచుకోవడం, సొంతంగా వాపు తగ్గించే నొప్పిబిళ్లలు వేసుకోకుండా ఉండడం కూడా ఇదే కోవలోకి వస్తాయి. ఆ రకం బిళ్లలు ఎముక అతకడాన్ని నెమ్మదింపజేయవచ్చన్న అనుమానంతో కొందరు సర్జన్లు వాటిని కొంతకాలం వద్దంటారు.

మెడకు వేసే పట్టీ, అంటే కాలర్ విషయంలో వైద్యుల పద్ధతులు వేరువేరుగా ఉంటాయి. ముందు నుంచి ఒక్క స్థాయి ఫ్యూజన్ చేసి ప్లేటు బిగించినప్పుడు కొందరు కాలర్ అసలే వేయరు. ఎక్కువ స్థాయిలు కలిపినప్పుడు, ఎముక బలహీనంగా ఉన్నప్పుడు కొన్ని వారాలు వేసుకోమంటారు. వేసుకోమన్నన్నాళ్లూ వేసుకోవాలి, తీసేయమన్నాక దాన్ని ఊతకర్రలా పట్టుకుని వేళ్లాడకూడదు. తీసేయమన్న రోజున తల బరువు ఒక్కసారిగా తెలుస్తుంది. అది సుమారు నాలుగున్నర నుంచి ఐదు కిలోలు ఉంటుంది, వారాల తరబడి పని లేకుండా ఉన్న కండరాలు సాయంత్రానికల్లా అలసిపోతాయి. సర్జన్ ఒప్పుకుంటే మొదట ఇంట్లో కూర్చున్నప్పుడు గంటసేపు తీసి, రోజురోజుకూ ఆ వ్యవధిని పెంచుకుంటూ పోవడం సుఖంగా ఉంటుంది.

ఈ తొలి దశలో మెడకు ప్రత్యేక వ్యాయామాలు సాధారణంగా ఉండవు. నడకే వ్యాయామం: రోజుకు నాలుగైదుసార్లు కొద్దిసేపు, అలసట లేకుండా. కాలర్ అవసరం లేదన్నవారు అవసరమైన మేరకు తలను నెమ్మదిగా, నొప్పి మొదలయ్యే చోటికి ముందే ఆగుతూ తిప్పవచ్చు. తిప్పేముందు కళ్లను ఆ వైపు పంపితే మెడ దానంతటదే వెనుక వస్తుంది. ఈ చిన్న అలవాటు కుదుపును చాలా తగ్గిస్తుంది. చేయకూడనివి కొన్ని ఉన్నాయి: తలను కదలిక చివరి వరకు బలంగా నెట్టడం, మరొకరి చేత తిప్పించుకోవడం, బోర్లా పడుకోవడం, తలకు పైన చేతులు ఎత్తి పనిచేయడం, బరువులు ఎత్తడం. బరువు విషయంలో తొలి వారాల్లో రెండు నుంచి నాలుగు కిలోల లోపు ఉండమని చెప్పడం పరిపాటి. మీకు చెప్పిన అంకె ఏదో దానికే కట్టుబడండి.

మంచం దిగడం నేర్చుకోవలసిన మొదటి పని. వెల్లకిలా ఉన్నవారు తలను ముందుకు ఎత్తుతూ లేస్తే మెడ ముందు కండరాల మీద గాయం పచ్చిగా ఉన్నప్పుడే పూర్తి భారం పడుతుంది. అలా కాకుండా మోకాళ్లు ముడిచి, తల, భుజాలు, తుంటి ఒకే దుంగలా కదిలేటట్టు పక్కకు దొర్లి, కాళ్లు మంచం అంచు నుంచి కిందికి దించుతూ, కింది మోచేతిని, పై చేతిని పరుపు మీద అదిమి లేవాలి. పడుకునేటప్పుడు ఇదే క్రమాన్ని చివరి నుంచి మొదటికి పాటించాలి. దిండు ఒక్కటే ఉండాలి. వెల్లకిలా పడుకున్నప్పుడు గడ్డం ఛాతీకి వంగకుండా, పక్కకు పడుకున్నప్పుడు భుజానికీ చెవికీ మధ్య ఖాళీ సరిగ్గా నిండేటట్టు దాని ఎత్తు చూసుకోవాలి.

ముందు నుంచి ఆపరేషన్ జరిగినవారికి కొన్ని రోజుల నుంచి వారాల వరకు మింగడం కష్టంగా ఉండడం, గొంతు బొంగురుపోవడం సాధారణమే. మెత్తని పదార్థాలు, చిన్న ముద్దలు, నిటారుగా కూర్చుని తినడం సాయపడతాయి. వెనుక నుంచి జరిగినవారికి ఈ బాధ సాధారణంగా ఉండదు గాని, కండరాలను ఎముక నుంచి పక్కకు తప్పించి చేసే ఆపరేషన్ కావడం వల్ల మెడ వెనుకా భుజాల మధ్యా నొప్పి, బిగుతు ఎక్కువకాలం ఉంటాయి.

రోజువారీ పనుల్లో మెడ బదులు ఏం కదపాలి

వ్యాయామాల కన్నా ఈ భాగమే ముఖ్యమని నా అభిప్రాయం. వ్యాయామం రోజుకు పావుగంట. మిగిలిన సమయమంతా మెడ పనుల్లోనే గడుస్తుంది.

ఎవరైనా వెనుక నుంచి పిలిస్తే తలను మాత్రమే తిప్పకండి. పాదాలు కదిపి, ఒళ్లంతా ఆ వైపు తిరగండి. తిరిగే కుర్చీ ఉంటే బల్ల దగ్గర ఈ పని ఇంకా సులువు. అయితే ఎల్లకాలమూ విగ్రహంలా తిరగడం కూడా మంచిది కాదు. ఎముక అతికిందని చెప్పాక కూడా నెలల తరబడి మెడను బిగబట్టి ఉంచేవారికి భుజాలు పైకి లేచి పట్టేస్తాయి. ఆ నొప్పిని వారు ఆపరేషన్ విఫలమైందనడానికి గుర్తుగా భావిస్తారు.

గ్లాసు ఎత్తి చివరి గుక్క తాగడానికి తల వెనక్కి వాల్చాలి. వెడల్పు మూతి గ్లాసు గాని, స్ట్రా గాని వాడితే ఆ అవసరం ఉండదు. కంటిలో చుక్కలు పడుకుని వేసుకోవాలి. తొలి వారాల్లో తలమీదుగా తొడిగే బట్టలు పక్కనపెట్టి, ముందు గుండీలున్నవి ధరించాలి. గడ్డం కింద గీసుకునేటప్పుడు తల ఎత్తడానికి బదులు, అద్దాన్నే కిందికి దించి పై నుంచి చూడవచ్చు. తలస్నానం నిలబడి చేయాలి. తల వెనక్కి వాల్చి బేసిన్ అంచు మీద మెడ ఆనించి జుట్టు కడిగించుకోవడం ఫ్యూజన్ జరిగినవారికి ఏ దశలోనూ తగినది కాదు. ఎత్తయిన అలమరాలో ఏదైనా వెతకాలంటే తల ఎత్తి చూడడం మాని రెండు అడుగులు వెనక్కి వేసి చూస్తే చాలు, చూపు కోణం తగ్గుతుంది.

ఫోన్ విషయం అందరూ చెప్పేదే, అయినా చెప్పక తప్పదు. తల ముందుకు వంగినకొద్దీ మెడ వెనుక కండరాలు మోయవలసిన భారం పెరుగుతుంది. ఫ్యూజన్ జరిగిన మెడలో ఆ వంపంతా కలవని కీళ్ల మీద పడుతుంది. మోచేతుల కింద దిండు పెట్టుకుని ఫోన్‌ను కళ్ల ఎత్తుకు తెచ్చుకోండి. పుస్తకాన్ని ఏటవాలు బల్ల మీద పెట్టుకోండి. కంప్యూటర్ తెర పై అంచు కళ్ల ఎత్తులో ఉంచాలన్న సూత్రానికి ఒక మినహాయింపు ఉంది, దాన్ని చాలామంది గమనించరు: బైఫోకల్ గాని ప్రోగ్రెసివ్ గాని కళ్లద్దాలు వాడేవారు దగ్గరివి చూడడానికి అద్దం కింది భాగం వాడాలి కాబట్టి, తెర ఎత్తుగా ఉంటే గడ్డం పైకెత్తి గంటల తరబడి కూర్చుంటారు. వారు తెరను కొంచెం దించుకోవాలి, లేదా తెర దూరానికి సరిపడే ఒకే పవరున్న వేరే అద్దాలు చేయించుకోవాలి. మెడ నొప్పికి ఇన్ని మందులు మింగేవారు ఈ కళ్లద్దాల సంగతి ఆలోచించకపోవడం ఆశ్చర్యమే.

కారు నడపడానికి తొందరపడకూడదు. కాలర్ ఉన్నంతకాలం, మత్తు కలిగించే నొప్పి మందులు వాడుతున్నంతకాలం నడపకూడదు. ఆ తర్వాత కూడా సర్జన్ అనుమతి కావాలి. మళ్లీ మొదలుపెట్టే రోజున ఆగి ఉన్న కారులో కూర్చుని రెండు వైపులా ఎంతవరకు చూడగలరో పరీక్షించుకోండి. అద్దాలను కొత్తగా సర్దుకుని, అద్దంలో కనిపించని మూలను చూడడానికి నడుము పైభాగాన్ని సీటు నుంచి కొంచెం ముందుకు జరిపి ఛాతీతో సహా తిరగడం సాధన చేయాలి. రోడ్డు దాటేటప్పుడు కూడా ఇంతే: రెండు పాదాలూ వచ్చే వాహనాల వైపు తిప్పి చూడాలి.

సర్జన్ అనుమతి ఇచ్చిన తర్వాత చేసే వ్యాయామాలు

ఈ అనుమతి కొందరికి ఆరు వారాలకు వస్తుంది, కొందరికి మూడు నెలలకు. ఫిజియోథెరపిస్టు మొదటి రెండుసార్లు పక్కన ఉండి చూపించడం మేలు. వరుసలో మెడకన్నా ముందు వెన్ను పైభాగం రావాలి. అక్కడ బిగుతు వదిలితే మెడకు పని తగ్గుతుంది.

కుర్చీలో నిటారుగా కూర్చుని, చేతులు ఛాతీ మీద అడ్డంగా పెట్టుకుని, తుంటి కదలకుండా ఛాతీని నెమ్మదిగా కుడికీ తర్వాత ఎడమకీ తిప్పండి. తల ఛాతీతో పాటే వెళ్లాలి, దాన్ని విడిగా తిప్పకూడదు. పక్కకు ఎనిమిది నుంచి పదిసార్లు చాలు. తర్వాత భుజాలను చెవుల వైపు ఎత్తకుండా, వీపు మీది రెండు రెక్క ఎముకలను వెనక్కి, కొంచెం కిందికి దగ్గర చేసి ఐదు సెకన్లు ఉంచి వదలండి. చూడడానికి ఇది చాలా చిన్న కదలిక. సరిగ్గా చేస్తే పది సార్లకే రెక్కల మధ్య వెచ్చదనం తెలుస్తుంది.

ఆ తర్వాత మెడ లోపలి చిన్న కండరాలకు పని చెప్పాలి. వెల్లకిలా పడుకుని, తల దిండు మీద నుంచి లేవకుండా, ఎవరికో మెల్లగా అవునని చెబుతున్నట్టు గడ్డాన్ని కొద్దిగా దించి ఐదు సెకన్లు ఉంచండి. వేళ్లతో మెడ ముందు పక్కల తాకి చూస్తే పెద్ద కండరాలు తాళ్లలా బిగియకూడదు. బిగిస్తే బలం ఎక్కువ పెడుతున్నారని అర్థం. సి5–సి6 వంటి కింది స్థాయుల్లో ఫ్యూజన్ జరిగినవారికి ఈ ఊపు పుర్రె అడుగు కీలు దగ్గర పుడుతుంది కాబట్టి అతికిన చోటును ఒరుసుకోదు.

తల తిప్పే సాధన కూర్చునే చేయాలి. కళ్లను ముందు పంపి, ముక్కు ఒకే ఎత్తులో గోడ మీద గీత గీస్తున్నట్టు తలను పక్కకు తిప్పి, మొదటి బిగుతు తగిలిన చోట రెండు శ్వాసల సేపు ఆగి, తిరిగి మధ్యకు రండి. చేత్తో గడ్డాన్ని నెట్టి ఇంకాస్త తిప్పే ప్రయత్నం చేయకండి. ఆ చివరి కొంచెం కదలిక కోసం పట్టుబట్టడం ఈ ఆపరేషన్ తర్వాత జరిగే పెద్ద పొరపాటు. అతికిన చోట ఎటూ కదలదు కాబట్టి ఆ బలమంతా పక్క కీళ్ల మీదే పడుతుంది. చివరగా, అరచేతిని నుదుటి మీద, తర్వాత తల వెనుక, తర్వాత కణతల పక్కన ఉంచి, మీ బలంలో నాలుగో వంతుతో తలను చేతికి ఆనించి, తల కదలకుండా ఐదు సెకన్లు నొక్కడం ఉంది. దీన్ని ఎముక బాగా గట్టిపడ్డాక, విడిగా అనుమతి తీసుకుని మొదలుపెట్టాలి.

కండరం లాగినట్టు ఉండే నొప్పి అరగంటలో తగ్గితే పరవాలేదు. మరుసటి ఉదయానికి కూడా నొప్పి ఎక్కువగానే ఉంటే ఆ రోజు చేసేవాటిని సగానికి తగ్గించండి. చేతిలోకి కరెంటులా పాకే నొప్పి, వేళ్లలో కొత్తగా తిమ్మిరి వస్తే ఆ వ్యాయామం ఆపేసి వైద్యులకు చెప్పాలి. నొప్పి లేకుండా వినిపించే టక్కుమనే చప్పుడు ఒక్కటే అయితే సాధారణంగా ప్రమాదం కాదు.

ఎంత మెరుగయిందో తెలుసుకోవడానికి రోజూ కొలవకండి, నిరాశే మిగులుతుంది. రెండు వారాలకోసారి అదే కుర్చీలో, అదే సమయంలో కూర్చుని, తల తిప్పినప్పుడు గోడ మీద ఏ వస్తువు వరకు చూడగలిగారో రాసుకోండి. ఆపరేషన్ లేని పెద్దవారిలో తల ఒక్కో పక్కకు సుమారు 70 నుంచి 80 డిగ్రీల వరకు తిరుగుతుంది. వయసుతో ఇది తగ్గుతుంది. ఆ అంకెను లక్ష్యంగా పెట్టుకోవలసిన పని లేదు. మీకు కావలసిన పనులు ఒళ్లు సర్దుకుని చేసుకోగలుగుతున్నారా అన్నదే సరైన కొలత.

వెంటనే ఆసుపత్రికి వెళ్లవలసిన సందర్భాలు

ముందు నుంచి ఆపరేషన్ జరిగిన తొలి రోజుల్లో మెడ త్వరత్వరగా ఉబ్బడం, ఊపిరి అందకపోవడం, ఉమ్మి కూడా మింగలేకపోవడం అత్యవసర పరిస్థితి. లోపల రక్తం గడ్డకట్టి శ్వాసమార్గాన్ని నొక్కుతుండవచ్చు, ఒక్క నిమిషం కూడా ఆగకూడదు. జ్వరంతో పాటు గాయం నుంచి చీము కారడం, చేతిలో గాని కాలిలో గాని బలం తగ్గడం, గుండీలు పెట్టుకోవడం, రాయడం వంటివి కొత్తగా తడబడడం, నడకలో తూలడం, మూత్రం, మలం మీద అదుపు తప్పడం, తల వంచినప్పుడు వెన్ను గుండా విద్యుత్తు పాకినట్టు అనిపించడం కూడా అదే రోజు చూపించుకోవలసిన లక్షణాలు. పడిపోయినా, ప్రమాదం జరిగినా నొప్పి లేకపోయినా ఎక్స్‌రే తీయించుకోవాలి.

తర్వాతి సంవత్సరాల్లో

కలిపిన పూసలకు పైనా కిందా ఉన్న డిస్కులు కాలక్రమేణా అరిగి, కొందరికి మళ్లీ బాధ కలిగిస్తాయి. 1999లో వెలువడిన ఒక ప్రసిద్ధ అధ్యయనం ప్రకారం, ముందు నుంచి ఫ్యూజన్ జరిగినవారిలో ఏటా సుమారు 3 శాతం మందికి పక్క స్థాయిలో కొత్త లక్షణాలు వచ్చాయి. పదేళ్లలో నాలుగో వంతు మందికి వస్తాయని అంచనా వేశారు. అందులో ఫ్యూజన్ వాటా ఎంత, వయసుతో వచ్చే సహజమైన అరుగుదల వాటా ఎంత అన్నదాని మీద వైద్యుల మధ్య వాదన ఇంకా ఉంది. ఆ వాదన ఎలా తేలినా, పక్క కీళ్ల మీద అనవసరమైన లాగుడు పడకుండా చూసుకోవడం మీ చేతిలో ఉన్నదే. ఎవరి చేతనైనా మెడను మెలితిప్పి చప్పుడు చేయించుకోవడం ఇక పూర్తిగా మానేయాలి. తలతో ఢీకొనే ఆటలు, తల మీద బరువు పడే ఆసనాలు చేయాలనుకుంటే సర్జన్ విడిగా ఒప్పుకోవాలి.

మరొక్క జాగ్రత్త. భవిష్యత్తులో వేరే ఏ కారణంగానైనా ఆపరేషన్ జరగవలసి వస్తే, మత్తు ఇచ్చే వైద్యులకు మీ మెడలో ఏ పూసలు కలిపి ఉన్నాయో ముందే చెప్పాలి. గొంతులో గొట్టం వేయడానికి వారు తలను వెనక్కి వాల్చుతారు, మీ మెడ అంత వాలదని తెలిస్తే వేరే పద్ధతి సిద్ధం చేసుకుంటారు. పంటి వైద్యుల కుర్చీలో పడుకున్నప్పుడూ అంతే. తల కింద చుట్టిన తువాలు పెట్టమని అడగండి. ఎమ్మారై తీసేవారికి లోహం సంగతి చెప్పి, మొదట్లో రాసి పెట్టుకున్న ఆ కాగితాన్ని చూపించండి.